ఒక్క ప్రింటర్, అరవై కంప్యూటర్లు

ఖరగ్‌పూర్ పేరు వినగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది రైలు. 1902లో తూర్పు కోస్తా రైలు మార్గంలోని ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే అధీనంలోకి వచ్చింది. ఆ దారి వెంబడి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు ఉపాధిని వెదుక్కుంటూ ఈ వంగదేశపు పట్టణానికి చేరుకున్నాయి. కార్ఖానాలో, యార్డులో, ఇంజన్ షెడ్డులో పనిచేసిన ఆ తరం వారి మనుమలూ మునిమనుమలూ నేడు ఇక్కడ బెంగాలీని ఎంత ధారాళంగా మాట్లాడతారో, ఇంట తెలుగును అంత ఆప్యాయంగా మాట్లాడతారు. 1072 మీటర్ల పొడవైన ఇక్కడి ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచ ప్రసిద్ధం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయినా, ఆ ఖ్యాతి జనం నోట ఇంకా నిలిచే ఉంది.

ఈ పట్టణానికి మరొక ముఖం చదువు. బ్రిటిష్ ప్రభుత్వం 1930లో హిజ్లీ వద్ద రాజకీయ ఖైదీల నిమిత్తం నిర్బంధ శిబిరం నెలకొల్పింది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీలపై అక్కడ జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు యువకులు నేలకొరిగారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ భవనమే విద్యాలయమైంది. దేశంలోని మొట్టమొదటి ఐఐటీకి 1951 ఆగస్టు 18న అక్కడే లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. 1980లో అందులో కంప్యూటర్ సైన్స్ శాఖ ఏర్పడింది. నేడు కంప్యూటర్ గది లేని కళాశాల ఈ పట్టణంలోనే కాదు, దేశంలోనే అరుదు.

రైలు పట్టణానికీ కంప్యూటర్ గదికీ ఏమిటి సంబంధం అని పాఠకులకు సందేహం కలగవచ్చు. సంబంధం ఉంది. దారి ఒక్కటి, దానిని కోరేవారు అనేకులు. ఎవరిని ముందు పంపాలి? ఎవరిని ఆపాలి? దారి మూసుకుపోతే ఆ సంగతి ఎవరికి, ఎలా తెలియాలి? ఈ ప్రశ్నలను రైల్వేవారు నూరేళ్ళకు పైగా ఎదుర్కొంటున్నారు. అరవై కంప్యూటర్లకు ఒకటో రెండో ప్రింటర్లు ఉన్న కళాశాలలో ఇవే ప్రశ్నలు ప్రతి రోజూ తలెత్తుతాయి. చాలాచోట్ల వాటికి జవాబు చెప్పేవారే ఉండరు. పర్యవసానంగా, పరీక్షకు ముందునాటి సాయంకాలం ఒక విద్యార్థి చేతిలో రికార్డు పుస్తకం ఉంటుంది, మరొక విద్యార్థి చేతిలో ఉండదు.

ఒంటి లైను న్యాయం

రెండు స్టేషన్ల నడుమ ఒకే పట్టా ఉన్నప్పుడు, ఎదురెదురుగా రెండు బళ్ళు రాకుండా పూర్వం రైల్వేవారు ఒక చక్కని ఉపాయం పాటించేవారు. ఆ భాగానికి సంబంధించిన టోకెన్ అనే లోహపు గోళం చేతికి వస్తేనే డ్రైవరు బండి కదిలించాలి. స్టేషన్లలోని రెండు యంత్రాలు తీగతో ముడిపడి ఉండడం వల్ల, ఒక గోళం బయటికి వచ్చాక అది తిరిగి ఏదో ఒక యంత్రంలో చేరేదాకా రెండవది బయటికి రాదు. గోళం ఎవరి చేతిలో ఉందో దారి వారిది. మిగిలినవారు వేచి ఉండవలసిందే.

ప్రింటర్ కూడా ఒంటి లైను వంటిదే. ఒక్క క్షణంలో ఒక్కరి కాగితమే అందులో నుంచి సాగిపోగలదు. ఇద్దరు పంపిన అక్షరాలు కలగలిసిపోతే వచ్చేది ఇద్దరికీ పనికిరాని కాగితం. అందుచేత కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య ఒక స్టేషను మాస్టరు ఉండాలి. ఆ పని చేసే ప్రోగ్రామును స్పూలర్ అంటారు. వచ్చిన ప్రతి పనినీ అది డిస్కు మీద దాచి, వరుస సంఖ్య వేసి, ముందు దాని పని పూర్తి కాగానే తరువాతి దానికి దారి ఇస్తుంది.

ఈ ఏర్పాటు పుట్టడానికి కారణం వేగంలో ఉన్న అంతరం. 1959లో వచ్చిన ఐబీఎం 1403 ప్రింటర్ నిమిషానికి 600 పంక్తులు అచ్చువేసి అందరినీ అబ్బురపరచింది. అయినా కంప్యూటర్ లెక్క కట్టే వేగం ముందు అది నత్తనడకే. ఎంతో ఖరీదైన కంప్యూటర్‌ను ప్రింటర్ కోసం కాచుకుని కూర్చోబెట్టడం ఇష్టం లేక, ఫలితాలను ఒక పక్కన పోగుచేసి, ప్రింటర్‌ను దాని తీరిక మేరకు అచ్చువేసుకోనిచ్చే పద్ధతిని ఇంజనీర్లు రూపొందించారు. ఇప్పుడు కంప్యూటర్లు చవక అయ్యాయి. పద్ధతి మాత్రం మారలేదు.

పంచుకోవాలన్న కోరిక

నెట్‌వర్క్ చరిత్రలో ప్రింటర్‌కు ఉన్న స్థానం చాలామందికి తెలియదు. 1971లో జిరాక్స్ సంస్థకు చెందిన గ్యారీ స్టార్క్‌వెదర్ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో లేజర్ కిరణంతో అక్షరాలు గీసే యంత్రాన్ని తయారుచేశాడు. అది సెకనుకు ఒక పేజీ అచ్చువేయగలదు. అదే కేంద్రంలో ప్రతి పరిశోధకుని బల్ల మీద ఒక చిన్న కంప్యూటర్ ఉంచాలన్న ఆలోచన సాగుతోంది. బల్లకొక కంప్యూటర్ ఇవ్వవచ్చు గాని, బల్లకొక లేజర్ ప్రింటర్ ఇవ్వడం ఎవరి తరం? ఒక్క ప్రింటర్‌కు అందరి కంప్యూటర్లనూ కలిపే తీగ ఒకటి కావలసి వచ్చింది. ఆ ఆవశ్యకతను ఎదుట ఉంచుకుని రాబర్ట్ మెట్‌కాఫ్ 1973 మే 22న ఈథర్‌నెట్ గురించిన తన తొలి పత్రం రాశాడు. డేవిడ్ బాగ్స్ సహకారంతో అది కార్యరూపం దాల్చింది. నేడు ప్రపంచమంతటా కార్యాలయాలనూ కళాశాలలనూ కలుపుతున్న ఆ తీగల అల్లిక వెనుక, ఒక ప్రింటర్‌ను పదిమంది పంచుకోవాలన్న సామాన్యమైన కోరిక కూడా ఉంది.

లేజర్ ప్రింటర్ల ధర క్రమంగా దిగివచ్చింది. 1984లో హ్యూలెట్ ప్యాకార్డ్ వారి లేజర్‌జెట్ 3,495 డాలర్లకు అమ్ముడయింది. మరుసటి ఏడు వచ్చిన ఆపిల్ లేజర్‌రైటర్ ధర 6,995 డాలర్లు. అంత సొమ్ము పెట్టి కొన్నవారు దానిని ఒక్కరే వాడుకోకుండా, అనేక కంప్యూటర్లు పంచుకునే వీలును ఆపిల్ సంస్థ అందులోనే కల్పించింది. నేడు ప్రింటర్ ధర అందుబాటులో ఉన్నా పంచుకోవడం తప్పదు. టోనర్, కాగితం, మరమ్మతు, వీటి వ్యయం యంత్రం ధరను ఇట్టే మించిపోతుంది. పది చిన్న ప్రింటర్లకు పది రకాల టోనర్లు కొని నిలవ ఉంచడం కంటే, దిట్టమైన ప్రింటర్లు రెండు పెట్టి అందరికీ పంచడం కళాశాలకు ఎంతో లాభం.

మూడు పద్ధతులు

పక్కపక్కన రెండు గదులు, గదికి ముప్పై చొప్పున అరవై కంప్యూటర్లు ఉన్న ఒక కళాశాలను ఊహించుకోవచ్చు. అక్కడ ప్రింటర్‌ను పంచడానికి మూడు పద్ధతులున్నాయి.

మొదటిది అతి సులభం. ఉపాధ్యాయుని బల్ల మీది కంప్యూటర్‌కు ప్రింటర్ తగిలించి, దానిని మిగిలినవారికి పంచడం. కొత్త ఖర్చేమీ లేదు. కాని ఆ ఒక్క కంప్యూటర్ ఆపివేస్తే అరవై మందికీ ప్రింటర్ లేనట్లే. ఉపాధ్యాయుడు గదికి తాళం వేసి ఇంటికి వెళ్ళిన మరుక్షణం రెండవ గదిలోని పని నిలిచిపోతుంది. అయిదారు కంప్యూటర్లున్న చిన్న కార్యాలయానికి ఇది చాలు. కళాశాలకు చాలదు.

రెండవది, నెట్‌వర్క్ తీగ నేరుగా తగిలించుకోగల ప్రింటర్‌ను కొనడం. ఏ కంప్యూటర్ ఆగినా ప్రింటర్ పనిచేస్తూనే ఉంటుంది. కాని అరవై కంప్యూటర్లూ ఎవరికి వారు దాని తలుపు తడతాయి. పనుల వరుస ఒక్కచోట కనిపించదు. ఎవరెన్ని పేజీలు వేశారో, ఏ పని ఎక్కడ చిక్కుకుందో ఒక్క చూపులో చెప్పగలవారు ఉండరు.

మూడవది, రెండింటి మధ్య ప్రింట్ సర్వర్ అనే ఒక కంప్యూటర్‌ను నియమించడం. అన్ని పనులూ మొదట దాని వద్దకే వెళతాయి. వరుస, లెక్క, అనుమతి అన్నీ దాని చేతిలో ఉంటాయి. ఇందుకు గొప్ప యంత్రం అక్కరలేదు. పక్కన పడేసిన పాత కంప్యూటర్ కూడా సరిపోతుంది. లైనక్స్ మీద నడిచే కప్స్ అనే ప్రోగ్రామును మైఖేల్ స్వీట్ రూపొందించగా 1999లో అది తొలిసారి విడుదలయింది. నేటికీ దానిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అరవై కంప్యూటర్లున్న కళాశాలకు ఈ మూడవ పద్ధతే శ్రేయస్కరం. అయితే నిప్పు వంటి నిజం ఒకటుంది. స్టేషను మాస్టరు పడకేస్తే బళ్ళన్నీ ఆగిపోయినట్లే, సర్వర్ ఆగితే అన్నీ ఆగుతాయి. అందుచేత దాని అమరికల నకలు ఒకటి భద్రపరచి ఉంచాలి. దానిని తిరిగి నిలబెట్టడం తెలిసినవారు కనీసం ఇద్దరు ఉండాలి.

ఇంటి నంబరు, దుబాసీ

రైల్వే కాలనీలో ప్రతి క్వార్టరుకూ ఒక నంబరు ఉంటుంది. పోస్ట్‌మన్ దానిని బట్టే ఉత్తరం ఇస్తాడు. నెట్‌వర్క్‌లో ప్రింటర్‌కూ ఒక సంఖ్యా చిరునామా ఉండాలి. కొత్తగా తెచ్చిన ప్రింటర్ చాలావరకు ఈ చిరునామాను నెట్‌వర్క్‌ను అడిగి పుచ్చుకుంటుంది. విద్యుత్తు పోయి వచ్చినప్పుడు దానికి వేరొక చిరునామా దక్కవచ్చు. నిన్నటి వరకు బాగా పనిచేసిన ప్రింటర్ ఈనాడు ఎవరికీ దొరకకపోవడానికి తరచుగా ఇదే కారణం. ఉత్తరాలన్నీ ఖాళీ ఇంటికి చేరుతూ ఉంటాయి. ప్రింటర్‌కు ఎన్నటికీ మారని చిరునామాను కేటాయించి, దానిని ఒక చీటీపై రాసి యంత్రానికే అంటించడం తొలి రోజున చేయవలసిన పని.

రెండవ చిక్కు భాష. కంప్యూటర్ మాట్లాడే భాష ఒకటి, ప్రింటర్‌కు అర్థమయ్యేది మరొకటి. ఈ రెండింటి మధ్య దుబాసీగా పనిచేసేది డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాము. కొన్ని ప్రింటర్లకు పోస్ట్‌స్క్రిప్ట్ తెలుసు, కొన్నిటికి పీసీఎల్ తెలుసు. కొన్ని చవక ప్రింటర్లకు తమ తయారీదారు నేర్పిన సొంత యాస తప్ప మరేమీ తెలియదు. తప్పుడు దుబాసీని కూర్చోబెడితే, ఒక పేజీ రావలసిన చోట అర్థంలేని చిహ్నాలతో నిండిన కాగితాలు వరదలా వచ్చిపడతాయి. యంత్రం చెడిపోయిందని కంగారుపడి మరమ్మతుకు పంపేవారున్నారు. చెడింది యంత్రం కాదు, అనువాదం. ప్రింటర్ కొనేటప్పుడు ధర, వేగం అడిగినట్లే, ఏ భాషలు తెలుసునని అడగడం కూడా వివేకం. డ్రైవర్ అవసరమే లేకుండా అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే ఉమ్మడి భాషలో పనిచేసే ప్రింటర్లు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. ప్రింటర్ తయారీదారుల సొంత డ్రైవర్లకు మద్దతును క్రమంగా విరమించుకుంటామని మైక్రోసాఫ్ట్ సంస్థ కూడా 2023లో ప్రకటించింది.

భాష మాట వచ్చింది గనుక ఖరగ్‌పూర్ వంటి పట్టణానికి ప్రత్యేకమైన ఇబ్బందిని ఒకటి చెప్పుకోవాలి. ఇక్కడి కళాశాలలో ఒకే వరుసలో ఇంగ్లీషు వ్యాసం, బెంగాలీ ప్రకటన, హిందీ దరఖాస్తు, ఉగాది వేడుకకు వేసుకున్న తెలుగు ఆహ్వానపత్రం నిలబడవచ్చు. తెలుగుకు 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే స్థానం దొరికింది. తెర మీద అక్షరం ముత్యంలా కనిపిస్తుంది. కాగితం మీద మాత్రం ఒక్కొక్కసారి ఖాళీ చదరాలు, విడిపోయిన ఒత్తులు ప్రత్యక్షమవుతాయి. ప్రింటర్ తనలో దాచుకున్న అక్షరరూపాలలో తెలుగు లేకపోవడం, పంపిన పత్రంతోపాటు అక్షరరూపం ప్రయాణించకపోవడం దీనికి కారణం. అక్షరరూపాన్ని లోపల పొదిగిన పీడీఎఫ్‌గా మార్చి పంపితే చాలావరకు ఈ బాధ తీరుతుంది. అప్పటికీ తీరకపోతే పేజీని బొమ్మగా అచ్చువేయమని ఆదేశించే వీలుంది. ఈ చిన్న కిటుకు తెలియక, తెలుగు ప్రింటర్‌లో రాదని నిర్ణయించుకుని ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసుకుని సరిపెట్టుకునేవారిని చూస్తే జాలి కలుగుతుంది.

వరుసలో న్యాయం

తీగలు కలిపి, చిరునామా ఇచ్చి, దుబాసీని కుదిర్చినంత మాత్రాన పని ముగియదు. అసలు సమస్య అప్పుడే మొదలవుతుంది.

ఒక లెక్క చూడవచ్చు. అరవై మంది విద్యార్థులు తలా పన్నెండు పేజీల ప్రయోగ నివేదిక అచ్చువేసుకోవాలి. మొత్తం 720 పేజీలు. నిమిషానికి ఇరవై పేజీలు వేసే ప్రింటర్‌కు ఆటంకమేమీ లేకుండా ముప్పైఆరు నిమిషాలు పడుతుంది. ట్రేలో 250 కాగితాలు పడితే మూడుసార్లు నింపాలి. కాగితానికి రెండు వైపులా అచ్చువేసేటట్లు అమరిస్తే 360 కాగితాలతో సరిపోతుంది. అమరికలో ఒక్క మార్పు, సగం కాగితం ఆదా. ప్రతి విద్యార్థికీ చెప్పి ఒప్పించనవసరం లేదు. సర్వర్‌లో ఒక్కసారి నిర్ణయిస్తే చాలు.

ఇప్పుడు, ఈ వరుసకు ముందు ఎవరో 200 పేజీల గ్రంథాన్ని పంపారనుకుందాం. ప్రింటర్ పది నిమిషాలపాటు దానికే అంకితం. వెనుక రెండేసి పేజీల పనులున్న ఇద్దరు పది నిమిషాలు నిలబడాలి. ఆ ఇద్దరినీ ముందు పంపితే గ్రంథంవారికి కలిగే ఆలస్యం ఎంత? నాలుగు పేజీలకు పన్నెండు సెకన్లు. చిన్న పనికి ముందు దారి ఇవ్వడంలోని లాభం ఇది. కాని ఎల్లప్పుడూ చిన్నవాటికే దారి ఇస్తూ పోతే, పరిశోధన గ్రంథం సమర్పించవలసిన విద్యార్థి పని సాయంకాలం దాకా కదలదు. అతనికీ గడువు ఉంది. అందుచేత పెద్ద పనులకు ఒక వేళ కేటాయించి, ఆ వేళకు వాటిని తప్పక పూర్తిచేయడం సమంజసం. రద్దీ వేళలో ప్రయాణికుల బళ్ళకు దారి ఇచ్చి, గూడ్సును రాత్రికి నడిపించే పద్ధతి రైలు పట్టణంలో ఎవరికీ కొత్త కాదు.

లెక్క మరొక ముఖ్యాంశం. మన పెద్దలు ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నారు. అందరిదీ అయినది ఎవరిదీ కాదు. లెక్క లేని ప్రింటర్‌లో సినిమా తారల బొమ్మలూ, పెళ్ళిపిలుపులూ కూడా వస్తాయి. నెల మధ్యలో టోనర్ అయిపోతుంది. ఆ మీదట యాజమాన్యం విసుగుచెంది ప్రింటర్‌కు తాళం వేస్తుంది. దుబారా చేసినవారికి దానివల్ల నష్టం లేదు. ఇంట్లో ప్రింటర్ ఉన్నవారు ఇంట్లో వేసుకుంటారు, చేతిలో డబ్బు ఉన్నవారు బయటి దుకాణానికి వెళతారు. నష్టపోయేది ఈ రెండూ లేని విద్యార్థి. ఒక్కొక్కరికీ వారానికి ఇన్ని పేజీలని పరిమితి విధించే సదుపాయం కప్స్ వంటి ప్రోగ్రాములలోనే ఉంది. అటువంటి పరిమితి చూడడానికి పిసినారితనంలా కనిపించినా, నిజానికి అది లేనివాని వాటాను కాపాడే కంచె.

తెరిచి ఉంచిన తలుపు

2016 మార్చిలో అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలలో ప్రింటర్లు హఠాత్తుగా జాతిద్వేషంతో నిండిన కరపత్రాలను వెలువరించాయి. ఎవరూ తాళం పగలగొట్టలేదు. ఆ ప్రింటర్లు ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్నాయి. ప్రపంచంలో ఏ మూల నుంచి ఎవరు ఏమి పంపినా, ఎవరు నీవని అడగకుండా అచ్చువేసే స్థితిలో ఉన్నాయి. 2018 చివరలో ఇదే మార్గంలో దాదాపు 50,000 ప్రింటర్లకు ఒక యూట్యూబ్ ఛానెల్ ప్రచారపత్రం చేరింది. 2021 జూలైలో విండోస్ స్పూలర్‌లోనే తీవ్రమైన లోపం బయటపడగా, మైక్రోసాఫ్ట్ సంస్థ హుటాహుటిన సవరణ విడుదల చేయవలసి వచ్చింది. ముద్రణ పీడకల అన్న అర్థం వచ్చే పేరుతో ఆ లోపం ప్రసిద్ధికెక్కింది.

ప్రింటర్ కూడా ఒక కంప్యూటరేనన్న సత్యాన్ని మరచిపోవడం వల్ల కలిగే అనర్థాలివి. కళాశాల ప్రింటర్ కళాశాల నెట్‌వర్క్ లోపలే ఉండాలి. తయారీదారు ఇచ్చిన రహస్యపదాన్ని తొలి రోజునే మార్చాలి. విద్యార్థుల గదులకు ఒక ప్రింటర్, కార్యాలయానికి మరొకటి విడిగా ఉండాలి.

ఈ చివరి మాట అతి ముఖ్యం. ప్రశ్నపత్రాలు, మార్కుల జాబితాలు, ఫీజు రాయితీ కోరుతూ తండ్రి ఆదాయాన్ని వివరించిన దరఖాస్తులు, ఇవన్నీ కళాశాలలో అచ్చయ్యే కాగితాలే. ఉమ్మడి ప్రింటర్ ట్రేలో అవి అయిదు నిమిషాలు అనాథగా పడి ఉంటే చాలు, జరగవలసిన నష్టం జరిగిపోతుంది. పంపినవారు స్వయంగా వచ్చి అంకెల గుర్తు నొక్కితేనే కాగితం బయటికి వచ్చే ఏర్పాటు అనేక ప్రింటర్లలో ఉంది. మరిచిపోయిన పనులు అచ్చు కాకుండా రద్దవుతాయి గనుక కాగితం ఆదా అవడం దీనివల్ల ఒనగూడే మరొక మేలు. పెద్ద యంత్రాలలో డిస్కు కూడా ఉంటుంది. 2010లో అమెరికాలో సీబీఎస్ టెలివిజన్ వారు వాడి పారవేసిన కాపీ యంత్రాలను కొని చూడగా, వాటి డిస్కులలో పోలీసు రికార్డులూ రోగుల వైద్య వివరాలూ దొరికాయి. పాత యంత్రాన్ని అమ్మేముందు దాని జ్ఞాపకాలను చెరిపివేయడం కళాశాల బాధ్యత.

ఇరుక్కున్న కాగితం

వంగదేశపు వర్షాకాలంలో గాలిలోని తేమను కాగితం ఇట్టే పీల్చుకుంటుంది. తేమ పట్టిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుని యంత్రంలో ఇరుక్కుంటాయి. కట్ట విప్పిన కాగితాన్ని మూతగల పెట్టెలో ఉంచడం, ట్రేలో ఆ రోజుకు సరిపడే కాగితమే పెట్టడం దీనికి విరుగుడు. లేజర్ ప్రింటర్‌లో టోనర్‌ను కాగితానికి అతికించే వేడి రోలరు ఒక్కసారిగా చాలా విద్యుత్తును లాగుతుంది. కంప్యూటర్లకు పెట్టిన చిన్న యూపీఎస్‌కు దానిని తగిలించడం ఎంతమాత్రం తగదు. ఇవి చిన్న జాగ్రత్తలు. ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒకనాడు కాగితం ఇరుక్కోక మానదు. అప్పుడు ఏం జరుగుతుందన్నదే ఉమ్మడి ప్రింటర్‌కు నిజమైన పరీక్ష.

మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలోని కృత్రిమ మేధ ప్రయోగశాలలో ఈ పరీక్ష ఒక ఉద్యమానికే దారితీసింది. అక్కడి ప్రింటర్‌కు కాగితం ఇరుక్కునే జబ్బు ఉండేది. పని పంపినవారు వేరే చోట కూర్చుని ఉండేవారు. గంట తరువాత వచ్చి చూస్తే నాలుగు కాగితాల వద్దే యంత్రం ఆగిపోయి ఉండేది. రిచర్డ్ స్టాల్‌మన్ అనే యువ ప్రోగ్రామర్ యంత్రాన్ని బాగుచేయలేకపోయినా, దానిని నడిపే ప్రోగ్రామును మార్చాడు. కాగితం ఇరుక్కోగానే, వరుసలో పనులున్న వారందరికీ ఆ సంగతి తెలిసేటట్లు చేశాడు. అవసరం ఉన్నవారిలో ఎవరో ఒకరు లేచి వెళ్ళి సరిచేసేవారు. జబ్బు పోలేదు గాని, దాని బాధ పోయింది.

1980 ప్రాంతంలో జిరాక్స్ సంస్థ ఆ ప్రయోగశాలకు కొత్త లేజర్ ప్రింటర్‌ను బహూకరించింది. వేగం ఎక్కువ, అక్షరం అందం, కాని ఇరుక్కునే గుణం మాత్రం దానికీ ఉంది. దానిని నడిపే ప్రోగ్రాము మూలప్రతిని మాత్రం ఇవ్వలేదు. మూలప్రతి తన వద్ద ఉన్న మరొక విశ్వవిద్యాలయం ఆచార్యుని స్టాల్‌మన్ స్వయంగా వెళ్ళి అడిగాడు. ఇవ్వనని తాను మాట ఇచ్చి ఉన్నానని ఆయన నిరాకరించాడు. పదిమందికి ఉపకరించే చిన్న మార్పును అడ్డుకున్న ఆ నిరాకరణ స్టాల్‌మన్ మనసులో బలంగా నాటుకుంది. 1983 సెప్టెంబరులో అతడు గ్నూ ప్రణాళికను ప్రకటించడానికి ప్రేరణలలో ఇది ఒకటని అతడే పలుమార్లు చెప్పాడు. ఆ ప్రణాళిక ఫలాలు తరువాత లైనక్స్‌తో జతకలిశాయి. నేడు ఒక సామాన్య కళాశాల పైసా ఖర్చు లేకుండా ప్రింట్ సర్వర్ నిలబెట్టుకోగలుగుతున్నదంటే, ఆనాడు ఇరుక్కున్న ఆ కాగితానికీ అందులో కొంత పాత్ర ఉంది.

ఈ ఉదంతంలోని నీతి సాంకేతికమైనది మాత్రమే కాదు. యంత్రం ఆగిపోవడం పెద్ద తప్పేమీ కాదు. ఆగిన సంగతి వేచి ఉన్నవారికి తెలియకపోవడం తప్పు. నేటి ప్రింట్ సర్వర్లు కాగితం అయిపోయినా, ఇరుక్కున్నా ఆ కబురు తెరపై చూపగలవు, నిర్వాహకునికి పంపగలవు. ఆ సదుపాయాన్ని వాడుకునే కళాశాలలు ఎన్ని? ఏమీ తెలియని విద్యార్థి చేసేది ఒక్కటే. మీట మళ్ళీ నొక్కుతాడు. రాకపోతే ఇంకోసారి నొక్కుతాడు. ఎవరో వచ్చి కాగితాన్ని తీయగానే, అదే నివేదిక అయిదుసార్లు అచ్చవుతుంది. తప్పు విద్యార్థిది అనిపిస్తుంది. నిజానికి అతనికి చెప్పవలసిన మాటను ఎవరూ చెప్పలేదు.

గోడ మీది కాగితం

2017 నవంబరులో ఖరగ్‌పూర్ స్టేషన్‌లో పాత సిగ్నల్ ఏర్పాటు స్థానంలో కొత్త ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ అమరింది. 800 రకాల దారులను అది నిర్ణయించగలదు. అంత పెద్ద యంత్రాంగం కూడా మనుషులు ముందుగా నిర్ణయించిన నియమాలనే పాటిస్తుంది. ఏ దారి ఇచ్చినప్పుడు ఏ దారి మూసివేయాలన్నది దానికి ఎవరో ఒకరు ఆలోచించి నేర్పినదే. కళాశాల ప్రింటర్ విషయమూ అంతే. తీగ కలపడం ఒక పూట పని. ఎవరికి ముందు, ఎవరికి ఎంత, ఎవరి కాగితానికి ఎవరు కావలి, ఆగిపోతే ఎవరిని పిలవాలి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు నిర్ణయించడం యంత్రం చేసే పని కాదు, మనుషులు చేయవలసిన పని.

ఆ నాలుగు జవాబులనూ విద్యార్థులకు తెలిసిన భాషలలో ఒక కాగితంపై రాసి ప్రింటర్ పైన గోడకు అతికించవచ్చు. దానికి అయ్యే ఖర్చు ఒక్క కాగితం. ఆ కాగితం ఉన్న గదిలో ప్రింటర్ పాతదైనా పని సాగుతుంది. ఆ కాగితం లేని గదిలో ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా, పరీక్షకు ముందునాటి సాయంకాలం ఎవరో ఒక విద్యార్థి ఖాళీ చేతులతో ఇంటికి వెళతాడు. చాలావరకు ఆ విద్యార్థి, బయట డబ్బిచ్చి అచ్చువేయించుకోలేనివాడే అయి ఉంటాడు.